ఆ గంట ఎవరి వంతు?

మస్కట్ వెళ్లొచ్చానని తెలియగానే మా వీధిలో వాళ్లు అడిగిన మొదటి మాట బంగారం అక్కడ చవకేనా అని. రెండోది, జూన్ నెలలో ఏ బుద్ధిమంతుడైనా ఎడారికి పోతాడా అని. బంగారం సంగతి నాకు తెలియదు, కొనలేదు. ఎండ మాట నిజమే. బెజవాడ ఎండలో పుట్టి పెరిగిన దాన్ని కాబట్టి తట్టుకున్నాను కానీ, అక్కడి ఎండ ముందు మా రోహిణీ కార్తె నెమ్మదస్తురాలే. అయినా ఆ దేశం నాకు తెగ నచ్చింది. ఎందుకు నచ్చిందో చెప్పాలంటే ముందు ఒక గంట గొడవ చెప్పాలి.

అజైబా: ఇంట్లో రెండు పార్టీలు

నేను రైల్వేలో టికెట్ల కౌంటరులో పనిచేసి రిటైరైన మనిషిని. చేతి గడియారం అంటే నాకు మంగళసూత్రం తర్వాత మంగళసూత్రం అంతటిది. ఎక్కడికి వెళ్లినా దాని ముల్లు తిప్పను. విమానంలో పక్క సీటాయన తన గడియారాన్ని గంటన్నర వెనక్కి తిప్పుకుంటూ నా వైపు చూశాడు. మీ పని మీరు చూసుకోండి అన్నట్టు నేను కిటికీలోకి చూశాను. ఒమాన్ మనకంటే గంటన్నర వెనక. కావాలంటే మనసులో తీసేసుకుంటాను. ముల్లు మాత్రం ఇండియాదే.

మా చెల్లెలు వసంత మస్కట్‌లో ఒక క్లినిక్‌లో నర్సు. మరిది రమణ ఒక కట్టడాల కంపెనీలో పనివాళ్ల బాగోగులు చూసే ఇన్‌చార్జి. అజైబాలో వాళ్ల ఫ్లాటు. వెళ్లిన రాత్రే, చేపల పులుసు ముందు కూర్చుని, మొగుడూ పెళ్లాలు కొట్లాట మొదలుపెట్టారు. కారణం కొత్త మేనేజరు.

ఆ మేనేజరు చలిదేశం నుంచి వచ్చినవాడు. వాళ్ల దేశంలో వేసవి రాగానే గడియారాలన్నీ గంట ముందుకు తిప్పుతారు, చలి రాగానే వెనక్కి తెచ్చేస్తారు. ఒమాన్‌లో ఆ పద్ధతి లేదు. ఇక్కడి గడియారానికి ఏడాది పొడుగునా ఒకటే మాట. కానీ ఎండాకాలం నడిమధ్యాహ్నం బయట పని చేయించకూడదని సర్కారు నియమం ఉంది. ఆ విశ్రాంతి ఇచ్చాక మిగిలిన పని సాయంత్రానికి జారుతుంది, మనుషులు చీకటిపడ్డాక గానీ రూముకు చేరరు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఒక గంట ముందు మొదలుపెడితే సాయంత్రం ఒక గంట ముందు వదిలేయొచ్చని మేనేజరు ఆలోచన. అంతవరకు బాగానే ఉంది. అయితే గంట ముందు రమ్మంటే జనం సణుగుతారట. అందుకని సైటులోనూ రూముల్లోనూ గడియారాలే గంట ముందుకు తిప్పించాడు. మొన్న శనివారం నుంచి వారం రోజులు పరీక్ష. శుక్రవారం సాయంత్రం మనుషుల అభిప్రాయం అడిగి, శనివారం రమణ ఆయనకు చెప్పాలి.

వసంత నర్సు కదా, నిద్ర పార్టీ. గడియారాన్ని మోసం చేయగలరు గానీ ఒంటిని చేయలేరంటుంది. నేను గడియారం తిప్పాలనే రమణ పార్టీ. కిందటేడు ఇంగ్లండులో మా పెదనాన్నగారి అమ్మాయి ఇంట్లో ఉండి ఈ పద్ధతి రెండు వైపులా చూశాను. వేసవిలో రాత్రి భోజనాలయ్యాక కూడా వెలుగు! పిల్లలు పార్కులో, ముసలమ్మలు బెంచీల మీద. దీపాలు వేసే పనే లేదు. ముల్లు తిప్పినందుకు ఇంత వెలుగు వస్తే తిప్పరా మరి అనుకున్నాను. ఆ తర్వాత గంట వెనక్కి తెచ్చిన మర్నాడు కాఫీ వేళకే చీకటి పడి, వంటింట్లో దిగులుగా నిలబడ్డ సంగతి కూడా గుర్తుంది గానీ, వసంత ముందు అది ఎత్తలేదు.

రమణకు అర్థం కానిదొకటే. ఈ మార్పు కోసం అందరికంటే ఎక్కువ ఎదురుచూసినవాడు లచ్చన్న అనే మేస్త్రీ. జగిత్యాల వైపు మనిషి. కూతురు ఏడు నెలల పసిపాపగా ఉన్నప్పుడు ఒమాన్ వచ్చాడు, ఇప్పుడా పిల్లకు నాలుగేళ్లు. మధ్యలో ఒక్కసారే ఇంటికి వెళ్లొచ్చాడు. పిల్ల తొమ్మిదికల్లా పడుకుంటుంది. లచ్చన్న రూముకు చేరేసరికి అక్కడ తొమ్మిదిన్నర. పొద్దున పిల్ల లేచేసరికి ఇతను బస్సెక్కేసి ఉంటాడు, సైటులో ఫోను ముట్టనివ్వరు. శుక్రవారం తప్ప పిల్ల గొంతు వినే వీలే లేదు. గంట ముందు వస్తావు లచ్చన్నా, రోజూ బిడ్డతో మాట్లాడుకోవచ్చు అని రమణే చెప్పాడట. మనిషి మురిసిపోయాడట.

"మూడు రోజులకే అడ్డం తిరిగాడు వదినా. ఏం ఫాయిదా లేదు సార్, పాత టైమే పెట్టించుండ్రి అంటాడు. ఎందుకని అడిగితే మాట్లాడడు. అతను కాదంటే మిగతావాళ్లూ కాదంటారు."

పనివాడికి ఏదీ నచ్చదులే అని నేను తీర్పు చెప్పేసి ఇంకో ముక్క చేప వేసుకున్నాను.

ముత్రా: మూసిన బజారు

మర్నాడు వసంత డ్యూటీకి పోతూ, ముత్రా బజారు మధ్యాహ్నం మూసేస్తారు, నాలుగింటికి తెరుస్తారు, టాక్సీలో వెళ్లు అని చెప్పింది. నా గడియారం నాలుగు చూపగానే వెళ్లాను. అంటే అక్కడ రెండున్నర. మనసులో తీసేసుకుంటానని గొప్పలు పోయిన మనిషిని తీసుకోవడమే మరిచాను. బజారు మొత్తం తలుపులు వేసుకుని నిద్రపోతోంది. సముద్రం మీద ఎండ కళ్లల్లో గుచ్చుతోంది. పిల్లి తప్ప ప్రాణి లేదు.

ఒక అత్తరు కొట్టు అరుగు మీద తెల్లటి పొడుగు చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన నీడలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి హిందీలో, రా అక్కయ్యా, ఎండలో నిలబడకు అన్నాడు. ముత్రాలో పాతకాలం వ్యాపారులకు మన హిందీ బాగా వచ్చు. ముందు నీళ్లిచ్చాడు. తర్వాత ఖర్జూరాలు. తర్వాత పొడుగు మూతి కెటిల్లోంచి చిన్న పింగాణీ గిన్నెలో కాఫీ. పాలు లేవు, చక్కెర లేదు, యాలకుల వాసన. నేను తాగగానే మళ్లీ పోశాడు. పెద్దాయన పోస్తుంటే వద్దనడం మర్యాద కాదని తాగాను. మళ్లీ పోశాడు. ఇలా ఎన్నిసార్లు జరిగిందో లెక్కలేదు, గుండె దడదడలాడింది. చివరికి ఆయనే నవ్వి, చాలనుకుంటే గిన్నెను ఇలా ఊపాలి అని చూపించాడు. ఊపకపోతే పోస్తూనే ఉండాలట, అది వాళ్ల మర్యాద. మన పెళ్లి భోజనాల్లో విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టడం లాంటిదన్నమాట.

కొట్టు ఎందుకు తెరవకూడదు, నేనొచ్చాను కదా అని అడిగాను. ఇది పడుకునే వేళ అన్నాడు. బేరం పోతుందేమో అన్న బెంగ ఆ మొహంలో మచ్చుకైనా లేదు. మా కౌంటరు ముందు లంచ్ టైములో కూడా తలుపు బాదిన జనం గుర్తొచ్చి, ఈ దేశం మీద నాకు అక్కడికక్కడే గౌరవం పుట్టింది. కొట్టు తెరిచాక సాంబ్రాణి కొన్నాను. ఆ కాఫీ మొహమాటానికి బేరమాడలేదు, వసంత చేత చివాట్లు తిన్నాను. రాత్రి నిద్ర పట్టలేదు.

నిజ్వా దాటాక: నీడను కొలిచే ఊరు

గురువారం వసంత సెలవు పెట్టి కారులో కొండల మీదికి తీసుకెళ్లింది. దారిలో వంద బైసాలిచ్చి పాకం లాంటి కరక్ చాయ్ తాగాం. మన లెక్కలో పాతిక రూపాయల లోపే. గ్లాసు సైజు చూస్తే దోపిడీ, రుచి చూస్తే దానం. నిజ్వా దాటాక రాతి కొండల మధ్య ఒక ఊరు. బోడి కొండ, దాని ఒడిలో మాత్రం పచ్చటి ఖర్జూరపు తోటలు మెట్లు మెట్లుగా. వాటి మధ్య మూరెడు వెడల్పున ఒక కాలువ పారుతోంది. దాన్ని ఫలజ్ అంటారు. కొండ లోపలి నుంచి తవ్వి తెచ్చిన నీళ్లు. ముందు తాగడానికి, తర్వాత మసీదులో కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి, ఆ తర్వాత స్నానాలకు, ఆఖరున తోటలకు. ఎవరూ కాపలా లేరు, కాలువలో చిత్తుకాగితం లేదు. మన ఊళ్లలో ఇంత శుభ్రమైన కాలువ చూపిస్తే నేను పేరు మార్చుకుంటాను.

హమద్ అనే ఆసామి మమ్మల్ని పలకరించాడు. అక్కడ పలకరింపు అంటే చిన్న విషయం కాదు. నువ్వెలా ఉన్నావు, మీ వాళ్లెలా ఉన్నారు, వార్తలేమిటి, అన్నీ మంచి వార్తలేనా అని చాలాసేపు అయ్యాకే అసలు మాట. వసంతకు అరబ్బీ వచ్చు కాబట్టి ఆయన మాటలు నాకు చెబుతూ వచ్చింది. ఊరి పైభాగాన నేల చదును చేసి ఒక కర్ర పాతి ఉంది. చుట్టూ నేల మీద గుర్తులు. కర్ర నీడ ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకు జరిగినంతసేపు నీళ్లు ఒకరి తోటకు. తర్వాత ఇంకొకరి వంతు. వెనక రాత్రిపూట నక్షత్రాలు చూసి వంతు మార్చుకునేవారట. ఇప్పుడు చేతి గడియారాలే వాడుతున్నారు గానీ, కర్రను మాత్రం తీసేయలేదు.

మా డెల్టాలో కాలువ వంతు కోసం పారలు ఎత్తుకున్న అన్నదమ్ములను ఎరుగుదును. అందుకని మరీ మరీ అడిగాను, దెబ్బలాటలు రావా అని. నీడతో ఎవరు దెబ్బలాడతారు అన్నాడాయన. అప్పుడు వసంత కావాలనే, మా అక్కకు గడియారం గంట ముందుకు తిప్పడం ఇష్టమండీ అని ఆయనకు చెప్పి, ఆ పద్ధతంతా వివరించింది. హమద్ తల పంకిస్తూ చాలా శ్రద్ధగా విన్నాడు. తర్వాత ఎగతాళి ఏమీ లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు ఒక్కటే అడిగాడు.

"ఆ జరిపే గంటను ఎవరి వంతులోంచి తీస్తారు?"

ఎవరి వంతూ పోదు, ఇంగ్లండులో కాలువలు ఇలా పంచుకోరు అని నేను చెప్పాను. ఆయన మర్యాదగా ఒప్పుకుని, పలచటి రొట్టె మీద గుడ్డు, తేనె వేసి పెట్టాడు. మామిడిపళ్లు కూడా ఇచ్చాడు, చిన్నవే కానీ తీపి. తిరుగుదారిలో వసంతతో గట్టిగా వాదించాను. ఆ రాత్రి మాత్రం ఆయన ప్రశ్న మనసులో మెదులుతూనే ఉంది.

హమ్రియా: రెండు గడియారాల గది

శుక్రవారం సెలవు. రమణ మనుషులు ఉండేది హమ్రియాలో, మస్కట్‌లోనే రూవీ పేట పక్కన. ఇరుకు సందులు, కింద కొట్లు, పైన బట్టలు ఆరేసిన గదులు. మన అక్షరాల బోర్డు ఒకటి కనబడి ప్రాణం లేచొచ్చింది. నేను ఆవకాయ జాడీ తెచ్చానని తెలిసి రమణ మనుషులే మమ్మల్ని ముగ్గురినీ భోజనానికి పిలిచారు.

వంట చేసేది కడప ఖాదర్ భాయ్. మటన్ కూర, పచ్చిపులుసు, అన్నం. నేల మీద పేపర్లు పరిచి కూర్చున్నాం. మగవాళ్లంతా నేను మొదటి ముద్ద తినేదాకా చెయ్యి పెట్టలేదు. లచ్చన్న నా ఎదురుగా కూర్చున్నాడు. పొడగరి, మెతక మనిషి. ఆవకాయ వేసుకుని, ఇది మీ దిక్కుది గదా అమ్మా, మా దిక్కు వెల్లుల్లి జర ఎక్కువేస్తరు అన్నాడు.

గోడ మీద రెండు గడియారాలు పక్కపక్కన ఉన్నాయి. వాటి కింద అంటించిన కాగితపు ముక్కల మీద ఒకదానికి 'డ్యూటీ' అనీ, ఇంకోదానికి 'ఇల్లు' అనీ రాసి ఉంది. గల్ఫులో మనవాళ్ల గదుల్లో ఇది మామూలేనని రమణ చెప్పాడు. ఇల్లు గడియారం వైపు చూస్తే అక్కడ పిల్లలు బడి నుంచి వచ్చారో లేదో తెలుస్తుంది. నాకు ముచ్చటేసింది. నాలాంటి పిచ్చివాళ్లు ఇంకా ఉన్నారని సంతోషించి, అలవాటుకొద్దీ నా గడియారంతో పోల్చి చూసుకున్నాను. నాది రెండున్నర. గోడది మూడున్నర.

నా గడియారం తప్పడమా! చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. బాగానే కొట్టుకుంటోంది. లచ్చన్నా, ఆ గడియారం ఎక్కడి టైము అని అడిగాను.

"ఇండియా టైమమ్మా. ఇంటిది."

నాదీ ఇండియా టైమేనని చెయ్యి చాపి చూపించాను. అతను నా గడియారం చూశాడు, గోడ చూశాడు. మళ్లీ నా గడియారం చూశాడు. రమణ ముద్ద మధ్యలో ఆగిపోయాడు.

"శనివారం ఆ గడియారాలు ఎవరు తిప్పారు?" అన్నాడు.

"నేనే సార్. అన్ని గడియారాలు గంట ముంగటికి తిప్పుమని నువ్వే చెప్తివి గద. రెండూ తిప్పిన. ఫోన్లు గూడ అందరివి తిప్పినం."

నిజమే. రమణ 'అన్నీ' అన్నాడు. డ్యూటీ గడియారంతో పాటు జగిత్యాల గడియారం కూడా గంట జరిగిపోయింది. ఫోన్లను కూడా చేత్తోనే జరిపారు కాబట్టి అవీ సాక్ష్యం చెప్పలేదు. నిజంగానే గంట ముందు రూముకు వచ్చిన మనిషి తల ఎత్తి చూస్తే, డ్యూటీ గడియారం ఎప్పటి టైమే చూపిస్తోంది, ఇంటి గడియారం ఎప్పటిలాగే తొమ్మిదిన్నర చూపిస్తోంది. కంపెనీ గంట ముందు లేపింది గానీ గంట ముందు వదల్లేదని లచ్చన్న అనుకున్నాడు. గంట దొంగిలించారనుకున్నాడు. రమణ మొహం మీద ఆ మాట అనలేక, ఫాయిదా లేదని ఊరుకున్నాడు.

మూలనున్న ఒకతను మెల్లగా నవ్వాడు. వారం నుంచీ తన భార్య తొమ్మిదిన్నరకు కూడా ఇంకా కూర వండుతున్నానంటే, మొగుడు లేడని బద్ధకం పెరిగిందని తిట్టాడట. ఇప్పుడేం చెప్పాలో తెలియడం లేదన్నాడు. అందరూ నవ్వారు. లచ్చన్న నవ్వలేదు.

"దినాం చేద్దామనుకున్న అమ్మా. ఫోను చేతుల పట్టుకున్న. గడియారం జూసి, బిడ్డ పండుకున్నదేమో, లేపొద్దు అని మల్ల పక్కకు పెట్టిన."

చెయ్యి కడుక్కుని వచ్చి భార్యకు ఫోన్ చేశాడు. కంగారులో స్పీకరు నొక్కినట్టున్నాడు, అందరికీ వినిపించింది. పిల్ల ఏం చేస్తుందని అడిగితే ఇప్పుడు నిజంగానే పడుకుందని ఆమె చెప్పింది. తర్వాత ఆమె ఇంకో మాట కూడా చెప్పింది.

"నువ్వే చెప్తివి గద, శనివారం సంది ఎనిమిదిన్నరకు చేస్తనని. దినాం గా యాళ్లకు ఫోను ముంగట పెట్టుకొని కూసుంటుంది. నేను చేద్దమంటే, డ్యూటీల ఉంటె చెయ్యొద్దంటివి. మీ బాపు అలిసి పండుకున్నడేమో, లేపొద్దు బిడ్డా అని చెప్పి పండవెట్టిన."

ఇక్కడ తండ్రి, అక్కడ తల్లి, వారం రోజులుగా ఒకే మాట చెప్పుకుంటూ గడిపారు. ఫోన్ పెట్టేశాక లచ్చన్న స్టూలు ఎక్కి ఇంటి గడియారాన్ని దించి, నా చెయ్యి పట్టుకున్నంత దగ్గరగా కూర్చుని, నా ముల్లు చూస్తూ దాని ముల్లు సరిచేశాడు. హమద్ అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది. గంట ఎవరి వంతులోంచి పోయిందో నా కళ్ల ముందే తెలిసింది.

డాబా మీద

సాయంత్రం డాబా మీద అందరూ చేరారు. ఎండ దిగినా గచ్చు ఇంకా సెగలు కక్కుతోంది. రమణ ముందుగా తన పొరపాటు ఒప్పుకున్నాడు. అది నాకు నచ్చింది. తర్వాత ఎవరి మాట వాళ్లు చెప్పారు.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు చేసిన పని ఎండలో చేసిన దానికి రెట్టింపు తేలిక అన్నారు చాలామంది. మొదటి రెండు రోజులు తలనొప్పితో చచ్చామని, పరంజా మీద కునుకు వచ్చిందని ఇద్దరు చెప్పారు. వసంత నా వైపు గర్వంగా చూసింది. ఖాదర్ భాయ్ బాధ వేరు. వీళ్లకంటే ముందు లేచి టిఫిన్ డబ్బాలు కట్టాల్సింది అతనే. ఇకమీదట డబ్బాలు కట్టడానికి రోజూ ఇద్దరు సాయం రావాలన్నాడు, వస్తామన్నారు. గడియారం తిప్పుడు మాత్రం వద్దన్నాడు.

"ఫజర్ నమాజుకు పొద్దును అడగాల గానీ మేనేజరును అడిగేదేంది సార్. మసీదుకొక టైము, రూముకొక టైము అయితే మేము యాడ బతకాల?"

అందరూ లచ్చన్న వైపు చూశారు. అతను లేచి నిలబడ్డాడు.

"గంట ముంగట లేస్త సార్. నాకేం నొప్పి లేదు. పొద్దున అయిదుకు రమ్మను, అయిదుకే వస్త. గడియారం మాత్రం ముట్టొద్దు. అయిదును ఆరని నాకు చెప్పొద్దు."

ఎవరూ చేతులెత్తలేదు, ఆ అవసరం రాలేదు. అదే మాట రమణ శనివారం చెప్పాడు. మేనేజరు సరే, గడియారాలు యథాప్రకారం ఉంచి డ్యూటీనే గంట ముందుకు జరపమన్నాడట. ఇది నేను బెజవాడ వచ్చాక వసంత ఫోన్‌లో చెప్పింది. ఇంగ్లండు వాళ్ల వేసవి వెలుగు మీద నాకిప్పటికీ మోజే. కానీ అక్కడ ఇంటిల్లిపాదీ ఒకేసారి తిప్పుకుంటారు. ఇల్లు ఒక దేశంలో, పని ఒక దేశంలో ఉన్నవాడికి ఆ గంట అంత సులువుగా జరగదు. ఒమాన్ ఏడాది పొడుగునా ముల్లు ముట్టుకోకపోవడం బద్ధకం అనుకున్నాను, మర్యాద అని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఆ సాయంత్రం ఇంకా అయిపోలేదు. నాలుగు దిక్కుల నుంచీ అజాన్ వినిపించింది. ఖాదర్ భాయ్ నమాజుకు లేచాడు. లచ్చన్న నా పక్కకొచ్చి నిలబడి, ఎంతైందమ్మా అన్నాడు. అతని చేతిలోనే ఫోన్ ఉంది, గదిలో సరిచేసిన గడియారం ఉంది. అయినా నన్నే అడిగాడు. చెయ్యి చాపాను. ఎనిమిదిన్నర.

ఫోన్ కలిపాడు. ఒక్క రింగైనా పూర్తి కాలేదు. అటు నుంచి చిన్న గొంతు, జాగ్రత్తగా, గుసగుసగా, ఎవరికైనా నిద్ర చెడుతుందేమో అన్నట్టు అడిగింది.

"బాపూ, లేచినవా?"